ప్రత్యేక పిన్నుల అనుసంధానం: అరకు కొండల వాతావరణ యంత్రాలు ఉదాహరణగా

ఒక యంత్రంలోనే ఇమిడిపోయి, ఆ యంత్రం పని ఒక్కటే చూసుకునే చిన్న కంప్యూటర్ చిప్పును ఎంబెడెడ్ ప్రాసెసర్ అంటారు. కరెంటు మీటరులో, పెట్రోలు బంకులో, రైల్వే సిగ్నల్ పెట్టెలో, వర్షమాపకంలో ఉండేది ఇదే. చిప్పు అంచున వరుసగా కనిపించే లోహపు కాళ్లు పిన్నులు. వీటిలో చాలావరకు సాధారణ పిన్నులు. దీపం వెలిగించాలన్నా, మీట నొక్కారో లేదో చూడాలన్నా ప్రోగ్రాం రాసేవారు వాటిని తమ ఇష్టప్రకారం వాడుకోవచ్చు. మిగిలినవి ప్రత్యేక పిన్నులు. చిప్పును మొదటి నుంచి మొదలుపెట్టించే రీసెట్, ప్రోగ్రాం ఎక్కడి నుంచి చదవాలో చెప్పే బూట్, గడియారపు తాళం ఇచ్చే క్రిస్టల్ పిన్నులు, కొలతకు ప్రమాణమయ్యే రిఫరెన్స్ వోల్టేజి, లోపలి రెగ్యులేటరుకు కావలసిన కెపాసిటర్ పిన్నులు, ప్రోగ్రాం ఎక్కించి పరీక్షించే డీబగ్ పిన్నులు ఈ కోవలోకి వస్తాయి. ప్రోగ్రాంలో మొదటి వాక్యం నడవక ముందే వీటి స్థితి చిప్పు నడతను నిర్ణయించేస్తుంది. అందుకే ఇక్కడ జరిగిన తప్పును తరవాత సాఫ్ట్‌వేర్‌తో దిద్దుకోవడం చాలాసార్లు కుదరదు.

తెలుగునాట ఇంజినీరింగ్ చదివిన రెండు మూడు తరాలవారికి ఈ పిన్నులు ప్రయోగశాలలోనే పరిచయం. ఇంటెల్ 1976లో తెచ్చిన 8085 చిప్పుకు 40 పిన్నులు. వాటిలో రెడీ పిన్నును వాడనప్పుడు 5 వోల్టులకు, హోల్డ్ పిన్నును గ్రౌండుకు కలపాలి. హోల్డ్‌ను గాలిలో వదిలేస్తే ప్రాసెసర్ ఎవరో బస్‌ను (డేటా నడిచే తీగల వరుసను) అడిగారనుకుని చేస్తున్న పని ఆపేయవచ్చు. 1980లో వచ్చిన 8051లో ఈఏ అనే పిన్ను ఉంది. దాన్ని 5 వోల్టులకు కలిపితే చిప్పు తనలోని ప్రోగ్రామును చదువుతుంది, గ్రౌండుకు కలిపితే బయటి మెమరీ కోసం వెతుకుతుంది. ప్రోగ్రాం సరిగ్గా ఎక్కించినా బోర్డు ఉలకకపోతే అనుభవమున్న ల్యాబ్ అసిస్టెంట్లు ముందు చూసేది ఆ 31వ పిన్నునే. చిప్పులు మారాయి, ప్రశ్న మారలేదు: వాడని పిన్నును ఎటు కలపాలి?

కొండల్లో ఈ ప్రశ్న ఎందుకు బరువెక్కుతుంది

సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న అరకు లోయ, దాని చుట్టూ అనంతగిరి, డుంబ్రిగూడ, పాడేరు, జి.మాడుగుల, చింతపల్లి మండలాలు 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉన్నాయి. డిసెంబరు, జనవరి నెలల్లో చింతపల్లి, మినుములూరు, లంబసింగి ఉష్ణోగ్రతలు ప్రతి ఉదయం పత్రికలకు ఎక్కుతాయి. లంబసింగిలో పాదరసం సున్నా దరిదాపులకు దిగిన రోజులున్నాయి. ఈ అంకెల్లో కొన్ని చింతపల్లి వ్యవసాయ పరిశోధన స్థానం వంటి చోట్ల మనుషులు చూసి రాసేవి, కొన్ని స్వయంచాలిత వాతావరణ కేంద్రాలు పంపేవి. రాష్ట్ర అభివృద్ధి ప్రణాళికా సొసైటీ మండలాల్లో ఇలాంటి కేంద్రాలను నెలకొల్పింది. ఇస్రో రూపొందించిన నమూనా కేంద్రం 402.75 మెగాహెర్ట్జ్ రేడియో మీద తన అంకెలను ఉపగ్రహానికి పంపేది. హైదరాబాద్‌లోని ఆస్ట్రా మైక్రోవేవ్ సంస్థ ఈ తరహా కేంద్రాలను తయారు చేసింది.

అలాంటి కేంద్రంలో ఒక స్తంభం, దాని మీద సౌర ఫలకం, ఒక బ్యాటరీ, గాలి, వాన, ఉష్ణోగ్రత కొలిచే పరికరాలు, వాటన్నిటినీ కలుపుతూ ఒక పెట్టె ఉంటాయి. పెట్టెలో ఉండేది ఎంబెడెడ్ ప్రాసెసర్. మనిషి తోడు దానికి ఉండదు. విశాఖపట్నం నుంచి అరకుకు ఘాట్ రోడ్డు మీద సుమారు 115 కిలోమీటర్లు, ఆ పైన గూడేలకు కాలిబాటలు. పట్నంలో బోర్డు మొరాయిస్తే మీట నొక్కి మళ్లీ మొదలుపెట్టవచ్చు. ఇక్కడ ఆ మీట నొక్కడానికి ఒక మనిషి ఒక రోజంతా ప్రయాణించాలి. వాతావరణ ఆధారిత పంటల బీమాలో పరిహారాన్ని లెక్కగట్టేది ఇలాంటి కేంద్రాల అంకెలతోనే కాబట్టి, ఆగిపోయిన యంత్రం రైతు సొమ్ముతో ముడిపడిన సంగతి. ఈ వ్యాసంలో ఉదాహరణలుగా తీసుకున్న చిప్పులు ఎస్‌టీఎం32, ఈఎస్‌పీ32, ఏటీమెగా328పీ. బజారులో తేలిగ్గా దొరికేవి, విద్యార్థులకు తెలిసినవి ఇవే.

రీసెట్

అన్నిటికన్నా ఎక్కువ శ్రద్ధ కోరే పిన్ను ఇదే. ఎస్‌టీఎం32ఎఫ్103లో దీని పేరు ఎన్‌ఆర్‌ఎస్‌టీ. దీన్ని గ్రౌండుకు దించితే చిప్పు ఆగుతుంది, వదిలితే మొదటి నుంచి మొదలవుతుంది. లోపల పిన్నును సరఫరా వైపు లాగి ఉంచే దాదాపు 40 కిలోఓమ్‌ల పుల్-అప్ రెసిస్టర్ ఉంటుంది. బయట 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్‌ను గ్రౌండుకు పెట్టమని తయారీదారు చెబుతాడు. దగ్గర్లో పిడుగు పడినప్పుడో, రేడియో ప్రసారం మొదలైనప్పుడో తీగలో పుట్టే చిన్న కుదుపుకు చిప్పు ఉత్తుత్తిగా రీసెట్ కాకుండా ఆ కెపాసిటర్ కాపాడుతుంది. ఈఎస్‌పీ32లో ఈ పని చేసే ఈఎన్ పిన్నుకు 10 కిలోఓమ్‌ల రెసిస్టర్, 1 మైక్రోఫారడ్ కెపాసిటర్ సిఫారసు చేస్తారు. కరెంటు వచ్చిన తరవాత సుమారు 10 మిల్లీసెకన్లు ఆగి చిప్పును లేపడం దాని ఉద్దేశం.

ఈ ఏర్పాటు వెనక ఒక ఊహ ఉంది: విద్యుత్తు ఒక్కసారిగా, మిల్లీసెకన్లలో పూర్తి వోల్టేజికి చేరుతుందని. గోడ ప్లగ్గు దగ్గర ఆ ఊహ నిజం. అరకు పొగమంచులో కాదు. మూడు రోజులు మబ్బు పట్టి బ్యాటరీ అడుగంటిందనుకోండి. నాలుగో రోజు ఉదయం మంచు తెరల వెనక నుంచి సూర్యుడు మెల్లగా తేలుతుంటే సౌర ఫలకం వోల్టేజి నిమిషాల తరబడి కొద్దికొద్దిగా పైకి వస్తుంది. అప్పుడు రీసెట్ కెపాసిటర్ కూడా దానితో సమానంగా పైకి వచ్చేస్తుంది. ఆలస్యం అనేదే మిగలదు. ఎస్‌టీఎం32ఎఫ్103లో అంతర్గత కాపలా ఉన్నా, అది సుమారు 1.9 వోల్టుల దగ్గరే చిప్పును వదిలేస్తుంది. పక్కనున్న మెమరీ కార్డుకు మాత్రం 2.7 వోల్టులైనా కావాలి. ప్రాసెసర్ లేచి మెమరీని పిలుస్తుంది, జవాబు రాదు, ప్రోగ్రాం అక్కడే ఇరుక్కుంటుంది. మధ్యాహ్నానికి ఎండ బాగా కాసి బ్యాటరీ నిండినా యంత్రం మాత్రం ఉదయం నిలిచిపోయిన చోటే ఉంటుంది.

విరుగుడు వోల్టేజి పర్యవేక్షక చిప్పు. మ్యాక్స్809 రకం మూడు కాళ్ల చిప్పు, సరఫరా 2.93 లేదా 3.08 వోల్టులు దాటాక కనీసం మరో 140 మిల్లీసెకన్లు రీసెట్‌ను కిందకు పట్టి ఉంచి అప్పుడు వదులుతుంది. ఇక్కడ ఒక మెలిక ఉంది. ఎస్‌టీఎం32 తన ఎన్‌ఆర్‌ఎస్‌టీ పిన్నును లోపలి నుంచి తానే కిందకు లాగగలదు. మ్యాక్స్809 అదే తీగను బలంగా పైకి నెడుతుంది. రెండూ ఒకేసారి పట్టుబడితే ఆ పోరులో ప్రవాహం పెరుగుతుంది, అంతర్గత రీసెట్ విఫలం కావచ్చు. అందుకని కిందకు మాత్రమే లాగగలిగే మ్యాక్స్803 రకాన్ని ఎంచుకోవాలి. రెండిటి ధరలో పెద్ద తేడా లేదు, కొండ మీద నడవడంలో మాత్రం ఉంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ తీరాన్ని తాకినప్పుడు ఏజెన్సీలో కూడా చెట్లు, కాఫీ తోటలు, కరెంటు తీగలు కూలాయి. ఒక యంత్రం పూర్తిగా చచ్చి, ఎవరూ ముట్టుకోకుండా తనంతట తాను బతకాల్సిన సందర్భం అది. రీసెట్ పిన్ను అనుసంధానానికి పరీక్ష అలాంటి రోజునే.

బూట్ పిన్నులు

రీసెట్ వదిలిన క్షణాన చిప్పు కొన్ని పిన్నుల మీది వోల్టేజిని ఒక్కసారి చూసుకుంటుంది. ఎస్‌టీఎం32ఎఫ్103లో బూట్0 కింద ఉంటే సొంత ప్రోగ్రాం నడుస్తుంది. అది పైన, బూట్1 కింద ఉంటే సీరియల్ తీగ మీద కొత్త ప్రోగ్రాం కోసం ఎదురుచూస్తుంది. బూట్0ను 10 కిలోఓమ్‌లతో గ్రౌండుకు కలపడం రివాజు. ఆ ఒక్క రెసిస్టర్ మరిచిపోతే బోర్డు పదిసార్లకు తొమ్మిదిసార్లు పనిచేస్తుంది, పదోసారి మౌనంగా ఎదురుచూస్తూ కూర్చుంటుంది. వాన తేమకు బోర్డు మీద సన్నని లీకేజి పొర ఏర్పడితే ఆ పదోసారి తొందరగా వస్తుంది.

ఈఎస్‌పీ32లో ఉచ్చు ఇంకా సూక్ష్మం. జీపీఐఓ 0, 2, 5, 12, 15 పిన్నులు మొదలయ్యేటప్పుడు బూట్ పిన్నులు, ఆ తరవాత మామూలు పిన్నులు. వీటిలో 12వది రీసెట్ వేళ పైన ఉంటే, చిప్పు తన ఫ్లాష్ మెమరీకి 3.3కు బదులు 1.8 వోల్టులు ఇస్తుంది. మామూలు మాడ్యూళ్లలో ఉండే 3.3 వోల్టుల ఫ్లాష్ ఆ వోల్టేజితో లేవదు. ఇప్పుడు నేల తేమ కొలిచే పరికరాన్ని, దాని పుల్-అప్ రెసిస్టర్‌తో సహా, ఆ 12వ పిన్నుకు కలిపారనుకోండి. బల్ల మీద బోర్డు నడుస్తుండగా పరికరం తగిలిస్తే అంతా బాగానే ఉంటుంది. మిరియాల పాదు పక్కన స్తంభానికి బిగించాక రాత్రి ఒకసారి కరెంటు పోయి వస్తే ఇక లేవదు. పరికరాలు తగిలించి ఉండగానే కరెంటు తీసి పెట్టి పరీక్షించకుండా ఏ యంత్రాన్నీ ఘాట్ ఎక్కించకూడదని నా అభిప్రాయం.

గడియారపు పిన్నులు, చలి

కాలం లెక్కకు 32.768 కిలోహెర్ట్జ్ క్రిస్టల్ వాడతారు. అంటే సెకనుకు 2 ఘాతం 15 సార్లు కంపిస్తుంది, పదిహేనుసార్లు సగం చేస్తే సరిగ్గా ఒక సెకను. ఈ క్రిస్టల్ రెండు పిన్నుల మధ్య కూర్చుంటుంది, ఒక్కో పిన్ను నుంచి గ్రౌండుకు ఒక్కో కెపాసిటర్. దాని విలువ ఊహించి వేసేది కాదు. క్రిస్టల్ కోరే లోడు కెపాసిటెన్స్ నుంచి బోర్డు తీగల కెపాసిటెన్స్ తీసేసి, మిగిలినదాన్ని రెట్టింపు చేయాలి. 6 పికోఫారడ్ క్రిస్టల్, బోర్డు మీద 2 పికోఫారడ్ అయితే ఒక్కో కెపాసిటర్ 8 పికోఫారడ్. ఎస్‌టీఎం32ఎఫ్103 డేటాషీట్ 7 పికోఫారడ్‌లకు మించని క్రిస్టల్ వాడమని, 12.5 పికోఫారడ్ రకాన్ని ఎన్నడూ వాడవద్దని హెచ్చరిస్తుంది. కొట్లో ఎక్కువగా దొరికేది మాత్రం ఆ 12.5 రకమే. అది గది వెచ్చదనంలో మొదలై, చలిలో మొదలుకాకుండా మొండికేయవచ్చు.

అన్నీ సరిగ్గా కలిపినా చలి తన వంతు తీసుకుంటుంది. ఈ రకం క్రిస్టల్ 25 డిగ్రీల దగ్గర సరిగ్గా నడిచి, అటు ఇటు జరిగే కొద్దీ నెమ్మదిస్తుంది. తేడా ఎన్ని డిగ్రీలో దాని వర్గాన్ని 0.034తో గుణిస్తే పది లక్షల్లో ఎంత వెనకబడిందో వస్తుంది. 5 డిగ్రీల రాత్రికి తేడా 20, వర్గం 400, వెనకబాటు 13.6. ఆ చలి రోజంతా ఉంటే 1.2 సెకన్లు పోతాయి. సున్నా డిగ్రీల దగ్గర 1.8 సెకన్లు. విశాఖ తీరాన 35 డిగ్రీల ఎండలోనైతే 0.3 సెకనే. ఉపగ్రహానికి పంపే కేంద్రాలు తమ వంతు వచ్చిన క్షణంలోనే మాట్లాడాలి, లేకపోతే ఒకదాని మాట ఇంకొకదాని మీద పడుతుంది. అందుకే అవి జీపీఎస్ నుంచి కాలాన్ని సరిచూసుకుంటాయి.

కరెంటు లేనప్పుడు గడియారాన్ని బతికించేది వీబ్యాట్ పిన్ను. దానికి 1.8 నుంచి 3.6 వోల్టుల మధ్య సరఫరా కావాలి. 3 వోల్టుల నాణెం బ్యాటరీ సరిపోతుంది. బ్యాటరీ పెట్టే ఉద్దేశం లేకపోతే ఆ పిన్నును ప్రధాన సరఫరాకు కలపాలి, ఖాళీగా ఉంచకూడదు.

కొలత పిన్నులు, నేల తీగ

ఉష్ణోగ్రతను వోల్టేజిగా మార్చే పరికరం డిగ్రీకి 10 మిల్లీవోల్టులు ఇస్తుందనుకుందాం. చిప్పులోని 12 బిట్ల మార్పిడి యంత్రం 3.3 వోల్టులను 4096 మెట్లుగా విడగొడుతుంది. ఒక్కో మెట్టు 0.8 మిల్లీవోల్టు, అంటే 0.08 డిగ్రీ. కాగితం మీద గొప్ప ఖచ్చితత్వమే. పక్కనే ఉన్న జీఎస్‌ఎమ్ మోడెమ్ ప్రసార సమయంలో 2 ఆంపియర్ల వరకు లాగుతుంది. ఆ ప్రవాహం బ్యాటరీకి తిరిగి వెళ్లే రాగి దారి, సెంటీమీటరు వెడల్పు, 10 సెంటీమీటర్ల పొడవున్నదైతే, మామూలు మందం రాగికి దాని నిరోధం సుమారు 5 మిల్లీఓమ్‌లు. రెండూ గుణిస్తే 10 మిల్లీవోల్టులు. కొలతకు నేల (గ్రౌండు) అయిన వీఎస్‌ఎస్‌ఏ పిన్నును ఆ దారి మీదే కలిపితే మోడెమ్ మాట్లాడిన ప్రతిసారి ఉష్ణోగ్రత ఒక డిగ్రీ తప్పుతుంది. 4 డిగ్రీలా 5 డిగ్రీలా అని పత్రికల్లో చర్చించుకునే చోట ఆ ఒక డిగ్రీ చిన్నది కాదు. కొలత నేలను, మోడెమ్ నేలను వేర్వేరు దారుల్లో నడిపి, విద్యుత్ సరఫరా దగ్గర ఒకే బిందువులో కలపడం దీనికి పరిష్కారం.

రిఫరెన్స్ పిన్ను సంగతి చిప్పును బట్టి మారుతుంది. ఏటీమెగా328పీలో అంతర్గత రిఫరెన్స్ ఎంచుకున్నప్పుడు ఏరెఫ్ పిన్నుకు బయటి వోల్టేజి కలపకూడదు, చిన్న కెపాసిటర్ ఒకటి చాలు. కలిపితే రెండు మూలాలు ఒకదానితో ఒకటి షార్ట్ అవుతాయి.

వీక్యాప్ పిన్నుల గురించి ఒక హెచ్చరిక తప్పదు. ఎస్‌టీఎం32ఎఫ్4 శ్రేణిలో ఇవి లోపలి 1.2 వోల్టుల రెగ్యులేటరుకు బయటి కెపాసిటర్ కోసం పెట్టినవి. ఇవి రెండున్న చిప్పుల్లో ఒక్కోదానికి 2.2 మైక్రోఫారడ్ ఇచ్చి మరేమీ కలపకూడదు. 64 పిన్నుల ఎఫ్103లో 31, 47 పిన్నులు గ్రౌండు. అదే కొలతల ఎఫ్405లో సరిగ్గా ఆ రెండే వీక్యాప్. పాత బోర్డు మీద కొత్త చిప్పు సరిపోయింది కదా అని అతికిస్తే ప్రాసెసర్ గుండెకాయకు అందాల్సిన వోల్టేజి నేలపాలవుతుంది.

వాన చుక్క, మేల్కొలుపు

వర్షమాపకంలో చిన్న తొట్టె నిండగానే వంగి ఒక అయస్కాంత స్విచ్చును క్షణం పాటు మూస్తుంది. చాలా నమూనాల్లో ఒక్కో వంపు 0.2 లేదా 0.5 మిల్లీమీటర్ల వాన. మిగతా సమయమంతా ప్రాసెసర్ నిద్రలో ఉంటేనే బ్యాటరీ నిలుస్తుంది, ఆ సంకేతానికి లేవాలి. ఎస్‌టీఎం32ఎఫ్103 గాఢనిద్రలో ఉన్నప్పుడు మేల్కొలుపు పిన్ను పీఏ0 లోపలి నుంచి కిందకు లాగబడి ఉంటుంది, వోల్టేజి పైకి ఎగబాకినప్పుడే లేస్తుంది. స్విచ్చును గ్రౌండుకు కలిపే మామూలు పద్ధతి వాడితే తొట్టె వంగిన క్షణంలో అది లేవదు. స్విచ్చును సరఫరా వైపు పెట్టాలి. మాపకం నుంచి పెట్టెకు వచ్చే పొడవైన తీగ పిడుగుపాటుకు యాంటెన్నాగా మారుతుంది కాబట్టి పిన్ను ముందు 1 కిలోఓమ్ రెసిస్టర్, దాని ముందు అతివోల్టేజిని మింగే డయోడ్ ఉండాలి. స్తంభానికి మంచి ఎర్తింగ్ లేకపోతే ఆ డయోడ్ వల్ల ప్రయోజనం లేదు.

డీబగ్ పిన్నులు

బోర్డు అతుకులను పరీక్షించడానికి 1990లో వచ్చిన ప్రమాణం జేటాగ్. దానికి తప్పనిసరిగా నాలుగు పిన్నులు కావాలి. ఆర్మ్ ప్రాసెసర్లలో రెండే పిన్నులతో నడిచే ఎస్‌డబ్ల్యూడీ పద్ధతి వాడుకలో ఉంది. సాధారణ పిన్నులు చాలలేదని ప్రోగ్రాం రాసేవారు ఈ రెండిటినీ వేరే పనికి మళ్లిస్తే తరవాత కొత్త ప్రోగ్రాం ఎక్కించే దారి మూసుకుపోతుంది. రీసెట్‌ను కింద పట్టి ఉంచి, ప్రోగ్రాం లేచేలోపే చిప్పును పలకరిస్తే తప్ప. కాబట్టి డీబగ్ కనెక్టరుకు ఎన్‌ఆర్‌ఎస్‌టీని కూడా తెచ్చి పెట్టాలి. ఏటీమెగా328పీలో రీసెట్‌నే మామూలు పిన్నుగా మార్చే ఫ్యూజు ఉంది. అది పెట్టాక తిరిగి రావాలంటే 12 వోల్టుల ప్రోగ్రామర్ కావాలి.

దారిని కావాలనే మూసే సందర్భాలూ ఉన్నాయి. అరకు లోక్‌సభ నియోజకవర్గపు గూడేలకు ఓటింగ్ యంత్రాలు మోసుకెళ్లే సిబ్బంది చేతిలోని యంత్రాలను తయారు చేసేవి హైదరాబాద్‌లోని ఈసీఐఎల్, బెంగళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్. వాటి చిప్పులో ప్రోగ్రాం ఒక్కసారే రాయబడుతుందని, మళ్లీ మార్చడం కుదరదని ఎన్నికల సంఘం చెబుతుంది. ఓటు యంత్రానికి అది తగిన నిర్ణయం. వాతావరణ కేంద్రానికి తెరిచి ఉంచడమే మేలు.

దేశీయ చిప్పులు

సీడాక్ తిరువనంతపురం కేంద్రం రూపొందించిన తేజస్32 అనే 32 బిట్ల చిప్పు, దానితో చేసిన ఏరీస్ బోర్డులు ఇప్పుడు కళాశాలలకు చేరుతున్నాయి. దీనిలో ప్రోగ్రాం నిలవుండే ఫ్లాష్ లేదు. 256 కిలోబైట్ల తాత్కాలిక మెమరీలోకి బయటి నుంచి తెచ్చుకోవాలి. అందువల్ల బూట్ ఎంపిక పిన్ను ఇక్కడ మరీ కీలకం. ప్రోగ్రామును బయటి ఫ్లాష్ నుంచి తెచ్చుకోవాలా, సీరియల్ తీగ నుంచా అన్నది ఒక జంపర్ తేలుస్తుంది. ఈ చిప్పుతో కొండ మీద పెట్టే యంత్రం చేసేవారు ఆ జంపర్ స్థానంలో శాశ్వతమైన అతుకు వేయడం మంచిది. కంపనానికి, తుప్పుకు జంపర్ వదులు కావచ్చు.

అరకులోనో పాడేరులోనో యంత్రం నిలబెట్టబోయే విద్యార్థులకు, ఇంజినీర్లకు ఒక విన్నపం. డేటాషీట్‌లోని పిన్నుల పట్టికను ఒక్క గడి కూడా వదలకుండా చదివి, ప్రతి ప్రత్యేక పిన్ను దేనికి కలిసిందో, ఎందుకు కలిసిందో తెలుగులో రాసి పెట్టె తలుపు లోపలి వైపు అతికించండి. మీ తరవాత ఆ స్తంభం దగ్గరకు వెళ్లేది మీరు కాకపోవచ్చు. స్థానిక గిరిజన యువకుడో యువతో మల్టీమీటరు పట్టుకుని ఆ పట్టిక చూసి మరమ్మతు చేయగలగాలి.